డెంగ్యూలో ప్లేట్‌లెట్స్ సరే, మూత్రం లెక్క ఎవరు చూస్తున్నారు?

హన్మకొండలో ఒక ల్యాబ్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వానలు ముదిరి చెరువులు మత్తడి పోసే రోజుల నుంచి బతుకమ్మ పండుగ దాటేదాకా మా కౌంటర్ దగ్గర వినబడే మాట ఒక్కటే: "ప్లేట్‌లెట్స్ ఎన్ని ఉన్నయి సార్?" రిపోర్టులో ఇరవై, ముప్పై అంకెలుంటాయి. రక్తం కారకుండా ఆపే ఆ కణాల లెక్క ఉన్న ఒక్క గీత మీదే అందరి చూపూ ఆగుతుంది. లక్ష దాటితే మొహాలు తేటపడతాయి. యాభై వేలకు దిగితే బంధువులకు ఫోన్లు మొదలవుతాయి, రక్తం ఇచ్చేవాళ్ల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతాయి.

రెండేళ్ల కింద ఆగస్టులో మా చిన్నాయనకు డెంగ్యూ వచ్చినప్పుడు నేను కూడా ఆ గీతే చూశాను. పరకాల దగ్గర పల్లె ఆయనది. 56 ఏళ్లు. పత్తి, మిర్చి వేస్తాడు. బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతాడు. ప్లేట్‌లెట్స్ తగ్గడం వల్ల ఆయనకు ఒక్క చుక్క రక్తం కూడా కారలేదు. కిడ్నీలు మాత్రం పనిచేయడం మానేశాయి. మూడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత తెలిసిన కిడ్నీ డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి, మా టేబుల్ మీదికి వచ్చే రిపోర్టులను కొత్తగా చదవడం నేర్చుకున్నాను. అట్లా అర్థమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాదు. ఇది చదివి మందులు మీకు మీరే ఆపడం, మార్చడం చేయకండి, మీ డాక్టర్‌ను అడగండి.

నీళ్లు ఒంట్లోనే ఉంటాయి, నాళాల్లో ఉండవు

డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ దీన్ని మోస్తుంది. ఈ దోమకు మురికి కాలువ అక్కర్లేదు. ఇంటి ముందు గోళెం, మూత లేని డ్రమ్ము, ఎండాకాలం వాడి పక్కన పెట్టిన కూలర్‌లో మిగిలిన నీళ్లు చాలు. దాని గుడ్లు నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, తొలి వానకు పిల్లలవుతాయి. దోమ కుట్టిన 4 నుంచి 10 రోజుల తర్వాత జ్వరం మొదలవుతుంది.

జ్వరం 2 నుంచి 7 రోజులు ఉంటుంది. చాలామందికి అంతటితో పోతుంది. కొందరికి మాత్రం 3వ రోజు నుంచి 7వ రోజు మధ్యలో, అదీ జ్వరం దిగుతున్న సమయానికే, అసలు గండం వస్తుంది. అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది. మామూలు జ్వరాల్లో ఒళ్లు చల్లబడితే గండం గట్టెక్కినట్టు లెక్క. డెంగ్యూలో ఆ లెక్క పనికిరాదు. చిన్నాయనకు ఐదో రోజు పొద్దున జ్వరం పోయింది. పిన్ని ఊరంతా ఫోన్లు చేసి చెప్పింది, జరం దిగింది, ఇక భయం లేదని. ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఆయనకు మూత్రం తగ్గింది. అది ఎవరూ గమనించలేదు.

ఆ గంటల్లో లోపల ఏం జరుగుతుందంటే, రక్తనాళాల గోడలు కారడం మొదలుపెడతాయి. నాళాల లోపలి వైపు సన్నని జిగురు లాంటి పొర ఒకటి ఉంటుంది. రక్తంలోని నీరు, ప్రొటీన్లు బయటికి పోకుండా అది ఆపుతుంది. మనం డెంగ్యూ టెస్టులో వెతికే ఎన్‌ఎస్‌1 అనేది వైరస్ విడిచే ప్రొటీన్. అది ఈ పొరను దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. దీనికి తోడు, వైరస్ మీద యుద్ధానికి దిగిన మన రోగనిరోధక శక్తి విడిచే రసాయనాలు కూడా గోడలను వదులు చేస్తాయి. రక్తంలోని పసుపుపచ్చని నీటి భాగం, అంటే ప్లాస్మా, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకి జారిపోతుంది.

పెరుగును గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే నీళ్లు కారి పెరుగు గట్టిపడుతుంది కదా, రక్తానికీ అదే జరుగుతుంది. ఎంత గట్టిపడిందో చెప్పే అంకె మీ రిపోర్టులోనే ఉంటుంది. దాని పేరు పీసీవీ, కొన్ని చోట్ల హెమటోక్రిట్ అని రాస్తారు. రక్తంలో కణాల భాగం నూటికి ఎంత అనేది ఆ లెక్క. మామూలుగా ఉండే అంకె కన్నా అది 20 శాతం పెరిగితే నాళాలు గట్టిగా కారుతున్నట్టు. చిన్నాయన పీసీవీ మూడో రోజు 42. ఐదో రోజుకు 51. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లవాడికైనా తెలిసే తేడా. ప్లేట్‌లెట్స్ పక్క గీతలోనే ఉంది. ఎవరం చూడలేదు.

చివరి ఆయకట్టు

మనిషి గుండె నిమిషానికి పంపే రక్తంలో సుమారు ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువే, కిడ్నీలకు వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల సన్న జల్లెడలు ఉంటాయి. రోజుకు 180 లీటర్ల నీటిని అవి వడగట్టి, పనికొచ్చేదంతా వెనక్కి లాక్కుని, ఒకటిన్నర లీటరు మూత్రంగా బయటికి పంపుతాయి. ఈ పనంతా రక్తం ఒత్తిడితో నడుస్తుంది. ఒత్తిడి పడిపోతే జల్లెడలో వడపోత ఆగుతుంది.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. కాలువలో నీటి మట్టం తగ్గితే మొదట ఎండేది చివరి ఆయకట్టు. కిడ్నీ లోపలి భాగంలో ఉండే సన్న గొట్టాల పరిస్థితి అదే. మంచిగా ఉన్న రోజుల్లో కూడా వాటికి అందే ఆక్సిజన్ తక్కువే. చేసే పని మాత్రం చాలా ఎక్కువ. నాళాల్లోంచి నీళ్లు బయటికి జారి రక్తం ఒత్తిడి తగ్గగానే ముందుగా ఎండిపోయేవి ఈ గొట్టాలే. కొద్ది గంటలైతే మళ్లీ నీళ్లు అందగానే కోలుకుంటాయి. ఎక్కువసేపైతే గొట్టాల లోపలి కణాలు చచ్చి ఊడిపోతాయి. అప్పుడు రక్తం సరిగా అందినా మూత్రం రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుట్టగలవు కాబట్టే చాలామంది కిడ్నీలు తిరిగి పనిలోకి వస్తాయి. ఆ మధ్య రోజులు గడపడానికే డయాలసిస్.

పెద్దవాళ్లకు డెంగ్యూలో కిడ్నీ దెబ్బతినడానికి ఎక్కువగా కనబడే దారి ఇది. ఇదొక్కటే దారి కాదు. మా ల్యాబ్‌లో నాకు పదేపదే ఎదురయ్యేది ఇంకొకటి ఉంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. స్ట్రిప్ ముంచితే రక్తం ఉందని రెండు ప్లస్సులు, మూడు ప్లస్సులు చూపిస్తుంది. అదే మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే ఎర్ర కణం ఒక్కటి కూడా కనబడదు. స్ట్రిప్ అబద్ధం చెప్పడం లేదు. డెంగ్యూలో కండరాలు నొయ్యడమే కాకుండా కొందరిలో కండరం కణాలు పగిలిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీకి చేరి, ఆ సన్న గొట్టాల్లో అడ్డం పడుతుంది. స్ట్రిప్ దాన్నే రక్తమని చూపిస్తుంది. ఇట్లాంటప్పుడు కండరాలు ఎంత పగిలాయో చెప్పే సీపీకే అనే రక్తపరీక్ష చేస్తే అంకె వేలల్లో ఉంటుంది. జ్వరం పట్టినా లెక్కచేయక పొలంలో, క్వారీలో పనిచేసినవాళ్లకు తొడలు, పిక్కలు తాకితే తట్టుకోలేనంత నొప్పిగా ఉండి, మూత్రం ముదురు రంగులోకి మారితే వెంటనే ఈ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. జ్వరంలో మూత్రం పచ్చబడటం మామూలే అని వదిలేస్తుంటారు. ముదురు పసుపు వేరు, డికాషన్ రంగు వేరు.

మిగతా దారులు తక్కువ మందిలో కనబడతాయి. జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్లలో ఎర్ర కణాలు పగిలి కిడ్నీకి బరువవుతాయి. కొందరిలో జల్లెడ భాగమే వాచి, మూత్రంలో ప్రొటీన్, నిజమైన రక్తకణాలు పోతాయి. వైరస్ నేరుగా కిడ్నీ కణాల్లో దూరి పాడుచేస్తుందా అనే దాని మీద వైద్యుల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. డెంగ్యూలో మూత్రంలో కాస్త ప్రొటీన్ కనబడటం తరచుగా జరిగేదే, చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఇది ఎంతమందికి వస్తుంది? ఆస్పత్రిలో చేరినవాళ్ల మీద జరిగిన పరిశీలనల్లో నూటికి ఒకరిద్దరి నుంచి మూడో వంతు దాకా రకరకాల అంకెలు వచ్చాయి. ఐసీయూలో ఉన్నవాళ్లను లెక్కపెడితే ఒక అంకె, వార్డులో ఉన్నవాళ్లనైతే ఇంకొకటి. "కిడ్నీ దెబ్బతింది" అనడానికి ఏ కొలత పెట్టుకున్నారు అనే దాన్నిబట్టి కూడా మారుతుంది. అందుకే ఒకే అంకె చెప్పి భయపెట్టేవాళ్లనూ, ఏం కాదని కొట్టిపారేసేవాళ్లనూ నేను నమ్మను. పిల్లల్లో నాళాలు కారి షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి, పోవడం ఎక్కువ. పెద్దల్లో రక్తస్రావం, లివర్, కిడ్నీ లాంటి అవయవాలు దెబ్బతినడం ఎక్కువ. వయసు మీదపడినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు ఇందులో ముందు వరసలో ఉంటారు.

నొప్పుల సూది

చిన్నాయనకు రెండో రోజు, మూడో రోజు ఊళ్లో నొప్పుల సూది వేశారు. డైక్లోఫెనాక్. ఇంటికి ఇచ్చిన బిళ్లల్లో కూడా నొప్పుల మందు ఉంది. వేసినాయన మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు బాధ ఎక్కువ ఉంది, ఎందుకంటే ఆయన రాత్రి పన్నెండింటికి పిలిచినా వచ్చే మనిషి. నొప్పి తగ్గించాలనే వేశాడు. ఈ మందు డెంగ్యూలో కిడ్నీని ఏం చేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

కిడ్నీలో ప్రతి జల్లెడకూ రెండు తూములుంటాయి అనుకోండి. ఒకటి రక్తం లోపలికి వచ్చే తూము, ఒకటి బయటికి పోయే తూము. కాలువలో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తెలివిగా లోపలికి వచ్చే తూమును వెడల్పు చేసుకుంటుంది, బయటికి పోయే తూమును ఇరుకు చేసుకుంటుంది. అట్లా ఉన్న కొద్దిపాటి నీళ్లతోనే జల్లెడలో ఒత్తిడి నిలబెట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పుల మందులు మొదటి తూమును వెడల్పు కానివ్వవు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు రెండో తూమును ఇరుకు కానివ్వవు. మామూలు రోజుల్లో ఈ బీపీ మందులు కిడ్నీకి మేలు చేస్తాయి, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. కానీ వాంతులై, తిండి లేక, నాళాలు కారుతున్న ఆ నాలుగు రోజుల్లో ఈ రెండు రకాల మందులూ ఒకే మనిషి ఒంట్లో కలిస్తే కిడ్నీకి తప్పించుకునే దారే ఉండదు. చిన్నాయన బీపీ బిళ్ల ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకున్నాడు. అంత క్రమశిక్షణ ఉన్న మనిషి. జ్వరంలో అది ఆపాలా అని అడగాలన్న సంగతి ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

అందుకే బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు డెంగ్యూ అనుమానం రాగానే వాడుతున్న బిళ్లల చీటీ పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించాలి. కిడ్నీ పని తగ్గితే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగర్ మందులు మూత్రంలో ఎక్కువ నీళ్లు పోయేలా చేస్తాయి. వీటిని కొద్ది రోజులు ఆపమని డాక్టర్ చెప్పవచ్చు. గుండెకు స్టెంట్ వేసుకుని రక్తం పల్చబడే బిళ్ల వాడేవాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు. వేసుకుంటే రక్తస్రావం భయం, ఆపితే స్టెంట్ మూసుకుపోయే భయం. అది గుండె డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాల్సిందే.

జ్వరానికి, నొప్పులకు డెంగ్యూలో వాడదగ్గది పారాసెటమాల్ ఒక్కటే. అది కూడా ఆరు గంటలకు తక్కువ కాకుండా తేడాతో, రోజుకు నాలుగు మోతాదులు మించకుండా. జ్వరం వెంటనే దిగలేదని రెండు గంటలకోసారి మింగితే దెబ్బ లివర్‌కు తగులుతుంది. కండలోకి ఇచ్చే సూదులు కూడా వద్దు, ప్లేట్‌లెట్స్ తగ్గినప్పుడు కండలో రక్తం గడ్డకట్టి వాస్తుంది.

1.1 నార్మలేనా?

నన్ను ఎక్కువగా బాధపెట్టే భాగం ఇదే. ఐదో రోజు సాయంత్రం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేసిన రిపోర్టు ఫోటో తమ్ముడు నాకు వాట్సాప్ చేశాడు. ప్లేట్‌లెట్స్ 58 వేలు. క్రియాటినిన్ 1.1. రిపోర్టులో పక్కన నార్మల్ 1.2 దాకా అని ఉంటుంది కాబట్టి ఆ అంకె మామూలు అక్షరాల్లోనే ఉంది. నేను "పర్వాలేదు, కిడ్నీ నార్మల్, ప్లేట్‌లెట్స్ చూసుకోండి" అన్నాను.

ఆరు నెలల కింద షుగర్ చెకప్‌కు నా దగ్గరే చేయించిన రిపోర్టులో ఆయన క్రియాటినిన్ 0.7.

క్రియాటినిన్ అనేది కండరాల నుంచి రోజూ వచ్చే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. కండ తక్కువ ఉన్న బక్కపలచని మనిషికి అది మామూలుగానే తక్కువ ఉంటుంది. అందుకే అందరికీ ఒకే గీత గీసి 1.2 లోపుంటే మంచిదే అనడం కుదరదు. కిడ్నీ డాక్టర్లు ప్రపంచమంతటా వాడే కొలత ప్రకారం, 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలినట్టే. 0.7కు ఒకటిన్నర రెట్లు 1.05. చిన్నాయన 1.1 అప్పటికే గీత దాటింది. పైగా క్రియాటినిన్ ఆలస్యంగా వచ్చే వార్త. ఈ రోజు కిడ్నీ వడపోత సగానికి పడిపోయినా అంకె పెరిగి కనబడటానికి ఒక రోజు, రెండు రోజులు పడుతుంది. ఆరో రోజు ఆయన క్రియాటినిన్ 2.0. ఏడో రోజు 3.6.

కాబట్టి డెంగ్యూ వచ్చినప్పుడు పాత ఫైలు వెతికి తీయండి. షుగర్ చెకప్ కావచ్చు, కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలు కావచ్చు, కోడలి కాన్పుకు ముందు చేసినవి కావచ్చు, ఎవరికి జ్వరమైతే వాళ్ల పాత క్రియాటినిన్ ఎక్కడో ఒక కాగితం మీద ఉంటుంది. అది దొరక్కపోతే డెంగ్యూ అని తేలిన మొదటి రోజే ఒకసారి చేయించుకుని పెట్టుకుంటే, తర్వాతి అంకెలను దానితో పోల్చవచ్చు. సర్కారు దవాఖానల్లో ఈ పరీక్షకు పైసలు తీసుకోరు.

క్రియాటినిన్ కన్నా ముందు వార్త చెప్పేది మూత్రం. దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. మనిషి బరువు కిలోకు గంటకు అర మి.లీ. మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ., ఆరు గంటలకు 180 మి.లీ. అంటే మన ఇంట్లో ఉండే మామూలు స్టీలు గ్లాసు దాదాపు నిండాలి. ఆరు గంటల్లో అంత కూడా రాకపోతే ఆస్పత్రికి పోవాల్సిందే. పాత నీళ్ల బాటిల్ ఒకటి కోసి, గీతలు పెట్టి, బాత్రూంలో ఉంచితే చాలు. ఎన్నింటికి పోశారు, ఎంత పోశారు అని గోడ క్యాలెండర్ మీద రాయండి. పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఈ మాట ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడతారు. మా పిన్ని చిన్నాయనను అడిగితే "పోయిన తియ్యి" అని కసురుకున్నాడట. ఆస్పత్రిలో డాక్టర్ గట్టిగా అడిగితేనే, ముందు రోజు రాత్రి నుంచి పోలేదని చెప్పాడు.

మూత్రం తగ్గడంతో పాటు విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లని మలం, మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడటం, చేతులు కాళ్లు చల్లబడటం కనబడితే తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.

సెలైన్ తక్కువైనా, ఎక్కువైనా

నీళ్లు తగ్గి కిడ్నీ ఎండిపోతుంది కదా, సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కిస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే డెంగ్యూ చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. గోడలు కారుతున్నప్పుడు ఎక్కించిన నీళ్లు కూడా కొంత పొట్టలోకే పోతాయి. పొట్ట మరీ బిగుసుకుంటే ఆ ఒత్తిడే కిడ్నీకి రక్తం అందనివ్వదు. అందుకే ఈ వైద్యం గంటగంటకూ చూసి చేసే పని. నాళాలు బాగా కారుతున్నవాళ్లకు కిలో బరువుకు గంటకు 5 నుంచి 7 మి.లీ. తో మొదలుపెట్టి, నాడి, బీపీ, పీసీవీ, మూత్రం చూసుకుంటూ 2, 3 మి.లీ. కు దించుకుంటూ వస్తారు. మొత్తం మీద 24 నుంచి 48 గంటలకు మించి ఇది చాలామందికి అవసరం పడదు.

ఆ తర్వాత గోడలు మూసుకుంటాయి. బయటికి పోయిన నీళ్లన్నీ రెండు మూడు రోజుల్లో తిరిగి నాళాల్లోకి వస్తాయి. కిడ్నీ మంచిగుంటే ఆ నీళ్లను మూత్రంగా పంపేస్తుంది. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఆ నీళ్లకు పోయే దారి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఆ సమయంలో కూడా సెలైన్ ఆపకుండా ఎక్కిస్తే మనిషి ఊపిరాడక పోతాడు. చిన్నాయనకు ఏడో రోజు మొహం ఉబ్బింది, పడుకుంటే ఆయాసం. రోజంతా కలిపి 300 మి.లీ. మూత్రం. చేతికి మాత్రం ఇంకా బాటిల్ ఉంది. ఆ రోజే ప్లేట్‌లెట్స్ 90 వేలకు పెరిగాయని ఆస్పత్రి వరండాలో మావాళ్లు స్వీట్లు పంచారు. అక్కడినుంచి కిడ్నీ డాక్టర్ ఉన్న చోటుకు మార్చాకే డయాలసిస్ మొదలైంది.

కొబ్బరినీళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జ్వరం మొదటి రోజుల్లో ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగడం మంచిదే. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది వేరే ముప్పు. కానీ మూత్రం ఆగిపోయిన మనిషికి కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు పట్టించకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ. బయటికి పోయే దారి లేక అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టం ఒక బోండం పట్టుకొస్తాడు, ప్రేమతోనే. ఇంట్లో ఒకరు గట్టిగా వద్దని చెప్పాలి. ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు డెంగ్యూ వస్తే ఎంత తాగాలన్నది వాళ్ల కిడ్నీ డాక్టరే చెప్పాలి.

ప్లేట్‌లెట్స్ అసలు చూడొద్దని నేను అనడం లేదు. అవి వేగంగా పడిపోతూ పీసీవీ పెరుగుతుంటే అదొక హెచ్చరిక. డయాలసిస్ కోసం మెడలో గొట్టం వేయాల్సి వచ్చినప్పుడు కూడా ఆ అంకె ముఖ్యమే. ఆ డయాలసిస్‌ను కూడా రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ లేకుండా జాగ్రత్తగా చేస్తారు. కానీ రక్తస్రావం లేని మనిషికి అంకె పెంచడం కోసమే ప్లేట్‌లెట్స్ ఎక్కించడం వల్ల లాభం లేదు. సింగపూర్, మలేసియా ఆస్పత్రుల్లో 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. ముందుజాగ్రత్తగా ఎక్కించినవాళ్లలో రక్తస్రావం ఏమీ తగ్గలేదు. బొప్పాయి ఆకు రసం కూడా చూస్తే ప్లేట్‌లెట్స్ అంకె గురించే. కిడ్నీని అది కాపాడుతుందని చూపించిన ఆధారం లేదు. ఆ చేదుకు వాంతులై ఉన్న నీళ్లు కూడా పోయినవాళ్లను నేను చూశాను.

ఇంకొక్క సంగతి. మన వైపు వానాకాలంలో వచ్చే ప్రతి జ్వరం డెంగ్యూ కాదు. ములుగు, ఏటూరునాగారం ఏజెన్సీలో, అటు ఆదిలాబాద్ వైపు అడవి పల్లెల్లో మలేరియా ఉంది. నాటు వేసే పొలాల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, కొందరికి కుట్టినచోట నల్లని పొక్కు ఉంటుంది. ఈ మూడూ ప్లేట్‌లెట్స్ తగ్గిస్తాయి, ఈ మూడూ కిడ్నీని కొడతాయి. ఒకటికి రెండు కలిసి రావచ్చు కూడా. డెంగ్యూకు నేరుగా పనిచేసే మందు లేదు కానీ వీటికి ఉంది. లెప్టోకు, స్క్రబ్ టైఫస్‌కు రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. అందుకే బీపీ పడిపోకుండానే కిడ్నీ దెబ్బతింటే, కళ్లు పచ్చబడితే, ఎన్‌ఎస్‌1 పాజిటివ్ ఉన్నా సరే మిగతా పరీక్షలు కూడా అడగండి. "డెంగ్యూ అని తేలింది కదా" అని అక్కడ ఆగిపోవడం వల్ల చేతిలో మందున్న జబ్బును వదిలేసినట్టు అవుతుంది.

చిన్నాయనకు పన్నెండో రోజు నుంచి మూత్రం రావడం మొదలైంది, మొదట కొద్దికొద్దిగా, తర్వాత రోజుకు మూడు లీటర్ల దాకా. ఇంటికి పంపేటప్పుడు క్రియాటినిన్ 1.8. కిడ్నీకి ఇట్లా దెబ్బ తగిలి కోలుకున్నవాళ్లకు మూడు నెలల తర్వాత క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ తప్పకుండా చూడాలి. అప్పటికీ అంకెలు దిగకపోతే అది పాతుకుపోయే కిడ్నీ జబ్బు కింద లెక్క. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఆ భయం ఇంకా ఎక్కువ. చాలామంది ఒళ్లు బాగయ్యాక ఈ పరీక్షకు రారు.

పత్తి ఏరడం ముగిశాక డిసెంబర్‌లో ఆయనను నేనే బైక్ మీద ల్యాబ్‌కు తీసుకొచ్చి రక్తం తీశాను. 0.9 వచ్చింది. ప్రొటీన్ కొంచెం. టెల్మిసార్టాన్ మళ్లీ మొదలుపెట్టమన్నారు, నొప్పుల బిళ్లలు మాత్రం జన్మలో ముట్టొద్దన్నారు. ఫిబ్రవరిలో మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన రోజు లారీ దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. ప్లాస్టిక్ కవర్‌లోంచి పాత కాగితాలు తీసి, 0.7 ఉన్న చోట పెన్నుతో చుట్టిన గుండ్రం చూపించి, "దీనికాడికి వస్తదా?" అని అడిగాడు. ఆ రోజు కూడా 0.9 ఉంది. ఇప్పుడు ఆరు నెలలకోసారి చూస్తున్నాం.